అక్కరలేని మాట దగ్గర ఆగండి

నాలుగేళ్ల క్రితం కార్తీకమాసంలో మా అమ్మ ఫోను చేసింది. అదీ ఇదీ మాట్లాడాక, "మీ ఊళ్లో కళ్ల డాక్టర్లు బాగా చూస్తారట కదా" అంది. "అవునమ్మా, మంచి డాక్టర్లు ఉన్నారు" అన్నాను. "పక్కింటి వదినగారు శుక్లం తీయించుకుంది. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది" అంది. "మంచిదే కదా" అన్నాను. ఆ తరువాత ధాన్యం ధర గురించి మాట్లాడుకుని ఫోను పెట్టేశాం. సంక్రాంతికి వెళ్లేసరికి అమ్మ చేట ముందు కూర్చుని బియ్యంలో రాళ్లను వేళ్లతో తడిమి ఏరుతోంది. కుడికన్ను దాదాపు కనిపించడం లేదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?" అన్నాను.

"చెప్పానుగా" అంది.

నిజమే, ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ మాటకు నేను జవాబిచ్చాను కానీ, అది ఎందుకు అన్నదో పట్టించుకోలేదు. అమ్మ అమలాపురం దగ్గర పల్లెలో ఉంటుంది, నేను రాజమహేంద్రవరంలో ఉంటాను. తెలుగు రానివాళ్లకు తెలుగు నేర్పడం ఇరవై రెండేళ్లుగా నా పని. బదిలీ మీద వచ్చే బ్యాంకు అధికారులు, ఆసుపత్రుల్లో చేరే ఒడియా, తమిళ, మలయాళీ డాక్టర్లు నా దగ్గరికి వస్తారు. ఆ సంక్రాంతి తరువాత నా పాఠాల్లో సగం మార్చేశాను. మాట్లాడటం నేర్పడంతో పాటు, మాటలో లేనిదాన్ని వినడం కూడా నేర్పుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ పెరిగినవాళ్లకు కూడా ఇది పనికొస్తుందనే నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

నిఘంటువు తీర్చే చిక్కులు వేరు

మొదటి నెలలో విద్యార్థులు తెచ్చే చిక్కులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇల్లుగలామె "బియ్యం నిండుకున్నాయి" అంటే డబ్బా నిండిందనుకున్నానని ఒకరు అంటారు. "దీపం కొండెక్కింది" అంటే ఏ కొండ అని ఇంకొకరు అడుగుతారు. పక్క గది ఆయన "వెళ్లొస్తాను" అని వెళ్లాడు కదా అని రాత్రి దాకా ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. అశుభం నోట పలకకూడదని పెద్దలు ఏర్పరచుకున్న మాటలివి. ఒకసారి తెలుసుకుంటే చాలు, ఎవరు ఎప్పుడు అన్నా వీటి అర్థం మారదు. గుర్తు పెట్టుకోవలసినవే తప్ప ఊహించవలసినవి కావు. మా అమ్మ మాట అలాంటిది కాదు. ఆ రోజు, ఆమె నోట, నాతో అన్నప్పుడు మాత్రమే దానికి ఆ అర్థం ఉంది. అలాంటి అర్థం పట్టుకోవడం గురించే ఈ పాఠం.

ముందు ఆ మనిషిని నమ్మండి

పాల్ గ్రైస్ అనే ఆంగ్ల తత్త్వవేత్త 1967లో హార్వర్డులో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ సంగతిని విడమరిచాడు. అందులో ముఖ్యమైన భాగం 1975లో అచ్చయింది. మాట్లాడుకునే ఇద్దరూ ఒకరికొకరు సహకరిస్తున్నారనే నమ్మకం మీదే సంభాషణ నడుస్తుందని ఆయన అన్నాడు. ఎదుటివాళ్లు కావలసినంతే చెబుతారని, నిజమే చెబుతారని, సందర్భానికి తగిందే చెబుతారని, తేటగా చెబుతారని మనం అనుకుంటాం. వీటిలో ఏదో ఒకటి తప్పినట్టు కనిపించిన చోట, చెప్పని సంగతి ఉందని గ్రహిస్తాం.

ఈ నాలుగింటి కంటే వీటి వెనక ఉన్న నమ్మకం నాకు ముఖ్యం. పొంతన లేని మాట వినిపించగానే "ఈయనకు ప్రశ్న అర్థం కాలేదు" అనుకుంటే వినడం అక్కడితో ఆగిపోతుంది. నా విద్యార్థి ఒకాయన, ఒడియా డాక్టరు, షుగరు ఉన్న ఒక పెద్దాయనను "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాడు. "మా అబ్బాయి హైదరాబాదు వెళ్లిపోయాడు బాబూ" అన్నాడు ఆయన. చెవుడేమోనని డాక్టరు గట్టిగా మళ్లీ అడిగాడు. పెద్దాయన మళ్లీ అదే మాట అన్నాడు. తన తెలుగులో లోపం ఉందేమోనని ఆ సాయంత్రం డాక్టరు నా దగ్గరికి వచ్చాడు.

ఆయన తెలుగులో లోపం ఏమీ లేదు. ఇలాంటి చోట వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ మాట నా ప్రశ్నకు జవాబే అయితే, రెండింటి మధ్య ఏ సంగతి ఉండాలి? మాత్రలు కొని తెచ్చేది కొడుకు. కొడుకు ఊళ్లో లేడు. కాబట్టి మాత్రలు లేవు. డాక్టరు ముందు "వేసుకోవడం లేదు" అనడం ఆ పెద్దాయనకు కష్టం. వరుసలో వెనక నిలబడ్డ ఊరివాళ్లు వింటుండగా "నా కొడుకు పట్టించుకోవడం లేదు" అనడం ఇంకా కష్టం. రెండూ పైకి అనకుండానే రెండూ చెప్పాడు. రెండోసారి అదే మాట అన్నది డాక్టరు ఆ మధ్య సంగతిని అందుకోలేదని గమనించే.

మాట కొసలు వినండి

ఈ విషయంలో మన భాష వినేవాళ్లకు చాలా సాయం చేస్తుంది. ఇంగ్లీషులో గొంతు నొక్కి పలికి తెలియజేసే సంగతుల్ని మనం చాలాసార్లు మాట కొసకు ఏదో ఒకటి తగిలించి తెలియజేస్తాం. "నువ్వు రా" అంటే పిలుపు. "నువ్వూ రా" అంటే మరొకరు కూడా వస్తున్నారు. "నువ్వే రా" అంటే నీ బదులు ఇంకెవరినీ పంపవద్దు. "నువ్వైనా రా" అంటే రావలసినవాళ్లు రాలేదు. ఆ చివరిదాన్ని విని "సరే, వస్తాను" అని మాత్రమే అనేవాళ్లు సగమే విన్నారు. రానిది ఎవరో అడగాలి.

తరగతిలో బల్ల మీద ఐదు వాక్యాలు రాయిస్తాను: కూర బాగుంది. ఇవాళ కూర బాగుంది. కూర కూడా బాగుంది. కూర మాత్రం బాగుంది. కూర బాగానే ఉంది. వండినామెకు ఏం వినిపించిందో ఒక్కోదాని పక్కన రాయమంటాను. రెండోది వింటే నిన్నటి కూర గుర్తుకొస్తుంది. మూడోది విన్నామె సంతోషిస్తుంది, అంతకు ముందే పప్పునూ చారునూ మెచ్చుకుని ఉంటారు కాబట్టి. నాలుగోది మిగతా వంటకాలన్నిటినీ పక్కకు నెట్టేస్తుంది. ఐదో దాని దగ్గర తరగతిలో ఎప్పుడూ వాదన జరుగుతుంది, అది జరగాలనే నా కోరిక. "బాగుంది" అనే పొట్టి మాట చేతిలో ఉండగా "బాగానే ఉంది" దాకా ఎందుకు వెళ్లారు? అనుకున్నంత చెడిపోలేదనా? పర్వాలేదు, అంతకు మించి ఏమీ లేదనా? ఏది అన్నది ఆ ఇంటి సంగతి తెలిస్తే తప్ప తేలదు. అయినా ఏదో ఒకటి ఉందని మాత్రం ఆ "నే" చెబుతుంది.

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే గట్టిగా చెప్పాలని ఉన్నది ఇదే. తక్కువ మాటతో అయ్యే పనికి ఎవరైనా ఎక్కువ మాట వాడితే, ఆ ఎక్కువకు ఒక కారణం ఉంటుంది. అది లేకపోయినా వాక్యం నిలబడుతుందనిపించే మాట దగ్గర ఆగండి. "నువ్వు ఎలాగూ బజారుకు వెళ్తున్నావు" అన్నారంటే, మీరు బజారుకు వెళ్తున్న సంగతి మీకు తెలియక కాదు.

మా అమ్మ మాటను ఇప్పుడు ఇలాగే చూస్తాను. "బాగా చూస్తారా?" అని అడిగి ఉంటే అది తెలియక అడిగిన ప్రశ్న. "బాగా చూస్తారట కదా" అన్నది. "కదా" అంటే ఈ సంగతి నాకు ముందే తెలుసని ఆమెకు తెలుసు. ఇద్దరికీ తెలిసిన సంగతిని పనిగట్టుకుని చెప్పనక్కరలేదు. అయినా చెప్పిందంటే దాని పని కబురు అందించడం కాదు. ఇక ఆ "ట" ఉంది చూశారా, దాని చాటున అమ్మ నిలబడింది. లోకులు అనుకుంటున్నారు, నేను అడగడం లేదు, నువ్వు కాదన్నా నాకు చిన్నతనం లేదు అని. కూతుర్ని ఇబ్బంది పెట్టకుండా అడగడానికి ఆమె వెతుక్కున్న దారి అది. పక్కింటివాళ్ల సూది, దారం దానికి తోడు.

ఎవరు, ఎవరితో, ఏ వేళ

సంస్కృతం చదివినవాళ్లకు "సైంధవం తీసుకురా" అనే ఉదాహరణ తెలిసే ఉంటుంది. సైంధవం అంటే ఉప్పు, సింధుదేశపు గుర్రం కూడా. విస్తరి ముందు కూర్చున్నవాడు అడిగితే ఉప్పు, ప్రయాణానికి బయలుదేరినవాడు అడిగితే గుర్రం. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇంకాస్త లోతుకు వెళ్లాడు. "సూర్యుడు అస్తమించాడు" అనే ఒక్క మాట వినేవాళ్లను బట్టి ఎన్ని అర్థాలిస్తుందో జాబితా వేశాడు: పని ఆపుదాం, ఆవుల్ని ఇంటికి తోలండి, దూరం వెళ్లకు, సంధ్య వార్చాలి, అమ్మకానికి పెట్టిన సరుకు సర్దండి.

ఆ జాబితా మా వీధిలో ప్రతి సాయంత్రం వినిపిస్తుంది. బుట్టలో ఆకుకూరలు అమ్మే ఆమె ఆరున్నరకు "పొద్దుపోయిందమ్మా" అంటే నాలుగు కట్టలు మిగిలాయి, ధర తగ్గిస్తానని. అదే మాట మా అత్తగారు చుట్టాలతో అంటే ఈ రాత్రికి ఉండిపొమ్మని. ఆడుకుంటున్న మనవడితో అంటే ఇంట్లోకి రమ్మని. అందుకే అర్థం కాని మాట ఎదురైనప్పుడు మాటనే పట్టుకుని తిరగేయకండి. ఈ వేళకు ఈ మనిషికి నాతో ఏం పని ఉండవచ్చు అని చూడండి.

"వద్దు" విన్నప్పుడు

మన ఇళ్లలో మొదటి "వద్దు"ను చాలామంది లెక్కలోకి తీసుకోరు. మూడుసార్లు అడగాలని కొందరు, బలవంతంగా అయినా వడ్డించాలని కొందరు అంటారు. నేను లెక్కపెట్టను, "వద్దు" తరువాత వచ్చే కారణం ఎవరి వైపుదో వింటాను. "మీకెందుకు శ్రమ", "మీరు ఇప్పుడే వచ్చారు కదా" అంటే ఆ కారణం నా వైపుది. నన్ను ఇబ్బంది పెట్టకూడదని తప్ప కాఫీ వద్దని కాదు. పొయ్యి వెలిగిస్తాను. "రాత్రి నిద్ర పట్టడం లేదు", "కడుపులో మంటగా ఉంది" అంటే కారణం వాళ్ల వైపుది. అక్కడితో ఆగిపోతాను. నాకు ఇది చాలాసార్లు నిజమైంది.

కాఫీ విషయంలో పొరపడితే ఒక గ్లాసు పాలు పోతాయి, అంతే. పెళ్లి, ఆస్తి, ఆపరేషన్ లాంటివాటిలో ఈ ఊహలు చేయకండి. "ఈ సంబంధం ఇష్టమేనా?" అంటే ఆడపిల్ల "మీ ఇష్టం నాన్నా" అంటుంది. ఆ మాటను అంగీకారంగా వినే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇంతకు ముందు చెప్పిన పద్ధతితో ఒకసారి వినండి. "ఇష్టమే" అనే పొట్టి మాట ఆమె దగ్గర ఉంది. అది వదిలి "మీ ఇష్టం" అన్నది. అడిగినది ఆమె ఇష్టం, ఆమె చెప్పినది తండ్రి ఇష్టం. తన సంగతి చెప్పనే లేదు. మౌనం అర్ధాంగీకారం అని సామెత చెప్పేవాళ్లు కూడా అందులో ఉన్నది సగమేనని గుర్తుంచుకోవాలి. అలాంటి చోట ఇంట్లో ఆమెకు దగ్గరైనవాళ్లు విడిగా కూర్చుని, తొందర లేకుండా, "వద్దన్నా ఎవరూ ఏమీ అనరు" అని చెప్పి మళ్లీ అడగాలి.

ఆగిన క్షణం

జవాబు కంటే ముందు వచ్చే విరామం కూడా మాట్లాడుతుంది. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే వ్యవధిని కొలిచారు. డేనిష్, జపనీస్, కొరియన్, లావో వాటిలో ఉన్నాయి, తెలుగు లేదు. అన్నీ కలిపి సగటు సెకనులో ఐదో వంతు దరిదాపుల్లో ఉంది. సూటి జవాబులు త్వరగా వచ్చాయి, దాటవేసేవి ఆలస్యంగా వచ్చాయి. "ఆదివారం వస్తావా?" అన్నప్పుడు వెంటనే వచ్చే "ఆ, వస్తాను"కూ, ఒక్క క్షణం ఆగి వచ్చే అదే మాటకూ తేడా మనకు చెవిలోనే తెలిసిపోతుంది.

కానీ అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడేవాళ్లు ఈ చెవిని నమ్ముకోకండి. మాట సముద్రాలు దాటి వచ్చేటప్పుడు కొంత ఆలస్యం దానంతట అదే చేరుతుంది. "వేసవికి వస్తారా?" అని అడిగాక కొడుకు తటపటాయించాడనుకుని నెల రోజులు దిగులు పడ్డ తల్లి నాకు తెలుసు. అతను వెంటనే జవాబిచ్చాడు, ఆమెకు చేరడం ఆలస్యమైంది. ముఖ్యమైన మాట దగ్గర ఆ విరామాన్ని అసలు పట్టించుకోకండి.

ఊహను ఊహగానే ఉంచండి

తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడనే కాశ్మీర పండితుడు ధ్వన్యాలోకం అనే గ్రంథంలో ఒక ప్రాకృత గాథను ఎత్తుకున్నాడు. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న సంకలనంలోని గాథ అది. అందులో కనిపించేది మా గోదావరే. నది ఒడ్డున పొదల్లో ప్రియుణ్ణి కలుసుకునే స్త్రీకి, పూలు కోయడానికి అటు వచ్చే భక్తుడు అడ్డం. ఆమె అతనితో అంటుంది: స్వామీ, ఇక నిర్భయంగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది. మాటలో ఉన్నది "తిరగండి". అందినది "రావద్దు". కుక్కకే భయపడేవాడు సింహం ఉన్న చోటికి ఎందుకు వస్తాడు?

ఆనందవర్ధనుడు దీన్ని ధ్వని అన్నాడు, మాటకే ఉన్న మరో శక్తి అన్నాడు. తరువాత మహిమభట్టు అనే మరో పండితుడు వచ్చి, కాదు, ఇది వినేవాడు చేసే అనుమానమే, పొగను చూసి నిప్పును ఊహించినట్టే అని వ్యక్తివివేకం అనే గ్రంథంలో వాదించాడు. కవిత్వం సంగతి పండితులు తేల్చుకోవాలి. ఇంట్లో మాటల విషయంలో మాత్రం నేను మహిమభట్టు పక్షం. పొగ అనుకున్నది మంచు కావచ్చు. తలనొప్పిగా ఉందన్న కోడలికి నిజంగా తలనొప్పే కావచ్చు. గ్రైస్ కూడా ఈ సంగతే గుర్తించాడు. "కొందరు పిల్లలు పాసయ్యారు" అంటే అందరూ కాలేదని వింటాం. "కొందరేమిటి, అందరూ పాసయ్యారు" అని వెంటనే అంటే పై మాట అబద్ధం కాదు, మన ఊహ మాత్రమే రద్దవుతుంది. చెప్పని అర్థాన్ని చెప్పినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి "మీరు అలా అన్నారు" అని నిలదీయకండి. "నాకు అలా వినిపించింది" అనండి. ఎన్నో అత్తాకోడళ్ల తగాదాలు మొదటి వాక్యం దగ్గర మొదలై, రెండో వాక్యం దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

ఊహ సరైనదో కాదో తెలుసుకోవాలంటే సూటిగా అడగకండి. "అంటే నీకు కన్ను కనిపించడం లేదా?" అంటే మా అమ్మ "అబ్బే, అదేం లేదు" అనేది. ఆమె దాచాలనుకున్నదాన్ని నేను బయటికి లాగినట్టు అయ్యేది. అడిగే బదులు ఒక పని చేస్తామనండి. ఒప్పుకోవడమూ కాదనడమూ రెండూ తేలికగా ఉండేలా అనండి. "నా కళ్లద్దాలు మార్పించుకోవడానికి వచ్చేవారం వెళ్తున్నాను, నువ్వూ వస్తే ఇద్దరం చూపించుకుందాం" అని ఉంటే చాలు. ఒడియా డాక్టరుకూ అదే చెప్పాను. మరుసటిసారి ఆయన మాత్రల గురించి అడగలేదు. "పెద్దాయనా, నెలకు సరిపడా ఇక్కడే ఇప్పిస్తాను, వెళ్లేటప్పుడు తీసుకెళ్తారా?" అన్నాడు. పెద్దాయన సంచి తెరిచి పట్టుకున్నాడట.

అమ్మకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయి మూడేళ్లు దాటింది. రాళ్లు ఇప్పుడు చూసే ఏరుతోంది. మొన్న వైశాఖంలో ఫోను చేసి, మాటల మధ్యలో, "పెరట్లో మామిడిచెట్టు ఈ ఏడు విరగకాసింది" అంది. ఆ చెట్టు దాదాపు ప్రతి ఏడూ బాగానే కాస్తుంది. నేను ఆగాను.

"ఆదివారం వస్తానమ్మా, ఆవకాయ పెట్టుకుందామా? నీకు ఓపిక లేకపోతే కాయలు తెచ్చుకుని ఇక్కడే పెడతాను" అన్నాను.

"నాకేం, నీకే పనులుంటాయి. వీలుంటేనే రా" అంది.

కారణం నా వైపుది. "వీలుంది, వస్తాను" అన్నాను.

ఒక్క క్షణం ఆగి అంది: "జాడీలు కడిగి ఎండబెట్టే ఉంచాను."